సీపీఎస్‌లో పొరపాటున పడ్డవారికి కొన్ని తలకిందుల సలహాలు

ఏటా సెప్టెంబర్ 1న సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) ఉద్యోగులు పెన్షన్ విద్రోహ దినం పాటిస్తారు. 2004లో ఆ తేదీ నుంచి సర్కారు కొలువులో చేరినవారికి పాత పెన్షన్ వర్తించదని, మూలవేతనం, డీఏ కలిపి అందులో పది శాతం నెలనెలా కట్టాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే నెల 22న జీవోలు 653, 654, 655 ఇచ్చింది. ఆ పథకం ఉండాలా, రద్దు కావాలా అన్నది లక్షలమంది పోరాటం. నేనిప్పుడు రాస్తున్నది ఆ లక్షలమందిలో కలిసిపోయి ఎవరికీ కనబడని కొద్దిమంది కోసం. వాళ్ళు 2004 సెప్టెంబర్‌కు ముందే రెగ్యులర్ కొలువులో ఉన్నారు. మధ్యలో పోస్టు మారారు. కొత్త ఆఫీసులో ఎవరో చూడకుండా సీపీఎస్ ఫారం నింపారు, వీళ్ళు చదవకుండా సంతకం పెట్టారు.

ఇది ఎలా జరుగుతుందో ఒక్క ఉదాహరణతో చెప్తాను. ఒక టీచరమ్మ 2002లో కోహెడ మండలంలో సెకండరీ గ్రేడ్ టీచరుగా (ఎస్జీటీ) చేరారనుకుందాం. అప్పుడది కరీంనగర్ జిల్లా. జిల్లా పరిషత్‌లో పీఎఫ్ ఖాతా తెరిచారు, నెలనెలా కటింగ్ పడింది. తర్వాత టీచర్ల ఎంపిక పరీక్ష డీఎస్సీ మరోసారి రాసి స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికై 2010లో దుబ్బాక వైపు చేరారు. అప్పటికి అది మెదక్ జిల్లా. కొత్త బడిలో జీతం బిల్లు చేసేటప్పుడు చేరిన తేదీ గడిలో 2010 పడింది. 2004 తర్వాతి తేదీ కాబట్టి ఆమె సీపీఎస్ మనిషి అయిపోయారు. పన్నెండు అంకెల సీపీఎస్ ఖాతా నంబరు, అంటే ప్రాన్, వచ్చింది. పీఎఫ్ కటింగ్ ఆగింది. ఎనిమిదేళ్ళ పాత సర్వీసు ఒక గడిలో రాసిన ఒక్క సంవత్సరం వల్ల మాయమైంది.

ఉమ్మడి రాష్ట్రపు 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్ ప్రకారం, సరైన అనుమతితో ప్రభుత్వంలోనే మరో కొలువులో చేరడానికి చేసిన రాజీనామాతో పాత సర్వీసు పోదు. అంటే ఆమె పాత పెన్షన్ మనిషే. ముప్పై మూడేళ్ళ సర్వీసు నిండితే చివరి మూలవేతనంలో సగం పెన్షన్, పైన కరువు భృతి, తన తర్వాత ఇంట్లోవాళ్ళకు ఫ్యామిలీ పెన్షన్. ఇంత పెద్ద తేడా ఆ ఒక్క గడిలో ఉంది.

ఇలాంటివారికి స్టాఫ్ రూముల్లో, యూనియన్ మీటింగుల్లో, చాయ్ హోటళ్ళ దగ్గర సలహాలకు కొదవ లేదు. నేను చెప్పేవి వాటికి చాలావరకు ఎదురుగా ఉంటాయి. వినగానే అడ్డదిడ్డంగా తోస్తాయి. అయినా చెప్తున్నాను, ఎందుకంటే మంచి కేసులు చెడిపోయేది చెడ్డ అధికారుల వల్ల కంటే మంచి మనసుతో ఇచ్చిన తప్పు సలహాల వల్లే ఎక్కువ.

పాత పెన్షన్ అడగకండి

దరఖాస్తులో మొదటి వాక్యమే 'నాకు పాత పెన్షన్ విధానం వర్తింపజేయగలరు' అని రాస్తారు. అది చదివిన గుమస్తాకు వెంటనే సీపీఎస్ రద్దు డిమాండు గుర్తొస్తుంది. 'సార్, అది మన చేతుల లేదు, సర్కారు పాలసీ' అంటాడు. కాగితం పక్కకు పోతుంది. అతని తప్పేం లేదు. మీరు అడిగిన తీరే అతన్ని అటు నడిపించింది.

మీరు అడగాల్సింది పాలసీ మార్పు కాదు, తేదీ దిద్దుబాటు. 'నా మొదటి రెగ్యులర్ నియామకం ఫలానా తేదీ. రికార్డులో ఫలానా తేదీగా తీసుకున్నారు. సరిచేయగలరు.' అంతే. తేదీ సరయితే పెన్షన్ దానంతటదే సరవుతుంది. ప్రభుత్వం జాలి చూపాల్సిన పని లేదు, ఉద్యమం గెలవాల్సిన పని లేదు. సీపీఎస్ రద్దు కోసం ధర్నాకు వెళ్ళాలనుకుంటే తప్పక వెళ్ళండి, అది న్యాయమైన పోరాటం. కానీ ఆ కరపత్రంలోని మాట ఒక్కటి కూడా మీ దరఖాస్తులోకి రానివ్వకండి.

కటింగ్ ఆపమనకండి

'తప్పుగా కట్ చేస్తున్నారు గదా, ముందు ఆపించు' అని అందరూ చెప్తారు. జీతం బిల్లు చేసే అధికారి, అంటే డీడీవో, మంచివాడైతే మాట మీద ఆపేస్తాడు కూడా. అక్కడే మొదలవుతుంది అసలు కష్టం. ఉత్తర్వు లేకుండా సీపీఎస్ కటింగ్ ఆగితే మీరు పీఎఫ్‌లోనూ లేరు, సీపీఎస్‌లోనూ లేరు. రేపు ఏ కారణంగానో మీ దరఖాస్తు తిరస్కరణకు గురైతే, ఆగిన నెలల మీ వాటా పోయింది, దానికి సమానంగా సర్కారు వేసే వాటా పోయింది, వాటి మీద రావాల్సిన రాబడి పోయింది. రెంటికీ చెడ్డ రేవడి బతుకు.

కాబట్టి ఉత్తర్వు చేతికొచ్చేదాకా కటింగ్ సాగనివ్వండి. దరఖాస్తులో మాత్రం ఒక వాక్యం రాయండి: 'నిర్ణయం వెలువడేవరకు జరిగే సీపీఎస్ కటింగు నా హక్కుకు భంగం కాదని మనవి.' ఇన్నేళ్ళు నోరు మెదపకుండా కట్టారు కదా అని రేపు ఎవరైనా అంటే, ఆ వాక్యమే మీ జవాబు.

ఇంకో మెట్టు ఎక్కి చెప్తాను. మీరు వదిలించుకోవాలనుకుంటున్న ఆ ప్రాన్ ఖాతాలో నామినీ పేరు సరిగా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. పెళ్ళికి ముందు తండ్రి పేరు రాసి మరిచిపోయినవాళ్ళు ఎంతమందో. సర్వీసులో ఉండగా మరణించిన సీపీఎస్ ఉద్యోగుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2021లో ఫ్యామిలీ పెన్షన్ వర్తింపజేసింది, కొంత ఊరట. అయినా ఫైలు కదిలేలోపు మనిషికి ఏదైనా అయితే ఇంట్లోవాళ్ళు రెండు ఆఫీసుల మధ్య తిరగాల్సి వస్తుంది. ఫైలు జిరాక్స్ ఒకటి ఇంట్లో పెట్టి, అదేమిటో ఇంట్లోవాళ్ళకు కూర్చోబెట్టి చెప్పండి.

ఆ డబ్బు ముట్టుకోకండి

సొంత వాటాలో పావు వంతు దాకా పిల్లల చదువుకో, పెళ్ళికో, ఇంటికో, వైద్యానికో తీసుకునే వీలు సీపీఎస్‌లో ఉంది. 'ఎట్లాగూ ఖాతా మూసేస్తరు, ఉన్నది తీసుకో' అనేవాళ్ళుంటారు. ప్రాణం మీదికి వచ్చిన వైద్యమైతే వేరు, మిగతావాటికి మాత్రం ఆగండి. తప్పు దిద్దేటప్పుడు ఏ నెల ఎంత జమైంది, అందులో ఎవరి వాటా ఎంత అని రూపాయి రూపాయి లెక్క తేల్చాలి. మధ్యలో తీసిన మొత్తం ఉంటే ఆ లెక్క చిక్కుపడుతుంది, సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు.

ఇంకో చేదు మాట. ఆ ఖాతాలో కనిపిస్తున్న మొత్తమంతా మీది కాదు. కేంద్ర ప్రభుత్వం 2023లో కొందరు ఉద్యోగులను పాత పెన్షన్‌లోకి మార్చినప్పుడు పాటించిన పద్ధతి చూడండి. ఉద్యోగి కట్టిన వాటా వడ్డీతో అతని జీపీఎఫ్‌లో జమైంది. సర్కారు వాటా సర్కారుకు పోయింది. మార్కెట్ వల్ల పెరిగిన విలువా సర్కారుకే పోయింది. పెన్షన్ సర్కారు ఇస్తుంది కాబట్టి అది న్యాయమే. స్టేట్‌మెంట్‌లో కనబడే పెద్ద అంకెకు ఆశపడి 'పెన్షనూ కావాలి, ఇదీ కావాలి' అనకండి. మీ కేసు బలమంతా ఆ ఒక్క మాటతో పోతుంది. సర్కారు వాటాను, దాని రాబడిని వదులుకోవడానికి సిద్ధమని మీరే ముందు రాసివ్వండి.

తప్పుగా జమైన మొత్తాలను సరిచేసే ఏర్పాటు సీపీఎస్ లెక్కలు చూసే కేంద్ర రికార్డుల సంస్థలో ఉంది. కాకపోతే దాన్ని కదిలించాల్సింది ఉద్యోగి కాదు, ట్రెజరీ వైపు నోడల్ ఆఫీసు. వాళ్ళు కదలాలంటే నియామకాధికారి ఉత్తర్వు కావాలి. అందుకే సంస్థ టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్లు చేసి వేసారిపోవడంలో అర్థం లేదు.

కలెక్టరేట్‌కు ఆఖరున వెళ్ళండి

మన సిద్దిపేట జిల్లా ఆఫీసులన్నీ 2021 నుంచి దుద్దెడ దగ్గరి కొత్త కలెక్టరేట్‌లో ఉన్నాయి. మనవాళ్ళు కష్టం రాగానే బండి అటు తిప్పుతారు. అక్కడికి వెళ్ళేముందు వెళ్ళాల్సింది పాత జిల్లాకు.

సిద్దిపేట జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక మెదక్ జిల్లావి, వాటి కాగితాలు సంగారెడ్డిలో ఉండేవి. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్ నుంచి వచ్చాయి. చేర్యాల, మద్దూరు వరంగల్ నుంచి. జిల్లా పరిషత్తు కూడా 2019లో గాని వేరుపడలేదు. మీరు 2002లో చేరినప్పటి నియామక ప్రొసీడింగ్స్, పీఎఫ్ ఖాతా తెరిచిన రికార్డు, మీ పేరున్న మెరిట్ జాబితా, ఇవన్నీ ఆ పాత చోట్ల బీరువాల్లో ఉండే అవకాశం ఎక్కువ. కొత్త జిల్లా ఆఫీసు 'మా దగ్గర మీ రికార్డు లేదు' అంటే అబద్ధమాడినట్టు కాదు, నిజంగానే లేకపోవచ్చు.

వెళ్ళి బతిమాలాల్సిన పని లేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకు రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10 రూపాయలు. గడువు ముప్పై రోజులు. 'నాకు న్యాయం చేయండి' అని అందులో రాయకండి, చట్టం ఇచ్చేది కాగితం నకలు మాత్రమే. ఫలానా సంవత్సరం ఫలానా నియామక ప్రొసీడింగ్స్ ధ్రువీకరించిన ప్రతి కావాలని, పీఎఫ్ ఖాతా ఫలానా నంబరు లెడ్జరు పేజీ కావాలని పేర్లతో అడగండి.

సర్వీస్ రిజిస్టర్‌లో ఎవరూ చూడని పేజీలు చూడండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కేసు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే.

అందరూ సర్వీస్ రిజిస్టర్ (ఎస్సార్) మొదటి పేజీ చూస్తారు, పుట్టిన తేదీ, చేరిన తేదీ. అది వదిలి మధ్యకు పదండి, పోస్టు మారిన దగ్గరికి. అక్కడ ఒక ఎంట్రీ ఉంటుంది. అది 'స్కూల్ అసిస్టెంట్‌గా చేరేందుకు రిలీవ్ చేయడమైనది' అని ఉందా, 'రాజీనామా ఆమోదించడమైనది' అని మాత్రమే ఉందా? మొదటిదైతే మీ పని సగం అయినట్టే. రెండోదైతే దానికి ముందున్న కాగితం వెతకాలి. పరీక్ష రాయడానికి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన అనుమతి, అంటే ఎన్‌వోసీ, లేదా దరఖాస్తు త్రూ ప్రాపర్ ఛానల్ వెళ్ళినట్టు చూపే ఇన్వర్డ్ నంబరు. అనుమతి ఉంటే ఆ రాజీనామా సర్వీసును తెంచదు.

తర్వాత పే ఫిక్సేషన్ చూడండి. కొత్త పోస్టులో చేరగానే జీతం స్కేలు మొదటి మెట్టు నుంచి మొదలైందా, పాత పోస్టులో తీసుకుంటున్న జీతానికి రక్షణ ఇచ్చి అక్కడి నుంచి కట్టారా? రక్షణ ఇచ్చి ఉంటే, పాత సర్వీసును సర్కారే లెక్కలోకి తీసుకుందని అర్థం. జీతానికి లెక్కలోకి వచ్చిన సర్వీసు పెన్షన్‌కు ఎందుకు రాదని అడగడానికి మీకు గట్టి ఆధారం దొరికింది.

సెలవుల ఖాతా చూడండి. పాత పోస్టులో మిగిలిన ఈఎల్స్, హాఫ్ పే లీవులు కొత్త ఖాతాలోకి వచ్చాయా, సున్నా నుంచి మొదలయ్యాయా? జీవిత బీమా బాండు, అప్పటి ఏపీజీఎల్ఐ, ఇప్పటి టీజీజీఎల్ఐ, దాని నంబరు పాతదేనా? పాత నంబరు మీదే ప్రీమియం సాగుతుంటే అదీ ఒక సాక్ష్యం. చివరి వేతన ధ్రువపత్రం, అంటే ఎల్‌పీసీ, నకలు దొరికితే చూడండి, అందులో పీఎఫ్ ఖాతా నంబరు, చివరి కటింగ్ మొత్తం రాసి ఉంటాయి. కొత్త ఆఫీసుకు ఆ కాగితం అందిందంటే, మీకు పీఎఫ్ ఖాతా ఉన్న సంగతి చేరిన రోజే వాళ్ళకు తెలుసన్నమాట.

మధ్యలో విరామం ఎన్ని రోజులో కూడా లెక్కించండి. రిలీవ్ అయిన మరునాడు చేరితే చిక్కే లేదు. వారాలో నెలలో ఖాళీ ఉంటే ఆ విరామాన్ని చేరే గడువుగానో, సెలవుగానో క్రమబద్ధం చేశారా అన్నది చూడాలి. చేయకపోతే ముందు దానికే దరఖాస్తు పెట్టండి. ఇది దాటవేసి పైకి వెళ్ళినవారి ఫైళ్ళు అదే ప్రశ్నతో వెనక్కి వస్తాయి.

ఉత్తరం పొట్టిగా రాయండి

కుటుంబ పరిస్థితి, ఆరోగ్యం, పిల్లల చదువు, ఎన్నేళ్ళు ఎంత నిష్ఠగా పనిచేశారో, ఏవీ వద్దు. ఒక పేజీ చాలు. ఇలా:

'విషయం: మొదటి నియామక తేదీని సరిచేసి, సీపీఎస్ నుంచి తొలగించి, పీఎఫ్ పునరుద్ధరించుట గురించి. నేను ఫలానా ప్రొసీడింగ్స్ ద్వారా 2002లో ఎస్జీటీగా రెగ్యులర్ స్కేలులో నియమితురాలిని. ఫలానా అనుమతితో పరీక్ష రాసి, ఫలానా తేదీన రిలీవై, స్కూల్ అసిస్టెంట్‌గా చేరాను. నా వేతనం, సెలవులు కొనసాగించారు. చేరిన తేదీని 2010గా తీసుకుని సీపీఎస్‌లో నమోదు చేశారు. నా నియామకం 1-9-2004కు ముందుది. సరిచేస్తూ ఉత్తర్వులు ఇవ్వగలరు. జతపరిచినవి:'

జతపరిచిన కాగితాలకు నంబర్లు వేయండి. డీడీవో ద్వారా పంపండి, ఇన్వర్డ్ నంబరు, తేదీ వేయించిన మీ ప్రతి దాచుకోండి. ఆ ముద్ర లేకపోతే మీరు దరఖాస్తు పెట్టినట్టే కాదు.

'కాదు' అనే మాట కాగితం మీద అడిగి తెచ్చుకోండి

తిరస్కరణ అంటే అందరికీ భయం. 'సారు మంచోడు, చూస్త అన్నడు' అని ఏళ్ళు గడిపేస్తారు. చూస్తానన్న మాటతో మీరు ఎక్కడికీ పోలేరు. కారణాలు రాసిన తిరస్కరణతో పైఅధికారి దగ్గరికి పోవచ్చు, హైకోర్టుకు పోవచ్చు. తెలంగాణకు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ 2016లోనే రద్దయింది కాబట్టి సర్వీసు తగాదాలు నేరుగా హైకోర్టుకే వెళ్తాయి. అక్కడ మొదట అడిగే ప్రశ్న, మీ అధికారి ఏమన్నారు అని. జవాబు లేకపోతే 'దరఖాస్తు పరిశీలించండి' అనే ఆదేశంతోనే మీ మొదటి రిట్ ముగిసే అవకాశం ఎక్కువ, మళ్ళీ మొదటికి వస్తారు. అందుకే సంవత్సరం నిండకుండానే మర్యాదగా ఒక రిమైండర్ పెట్టి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వమని అడగండి.

ఆలస్యం వల్ల హక్కు పోదు, కానీ డబ్బు పోతుంది. పెన్షన్ తక్కువగా ఇవ్వడం నెలనెలా కొనసాగే తప్పని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది. అదే తీర్పులో బకాయిలను సాధారణంగా కేసు వేసిన నాటికి ముందు మూడేళ్ళకే పరిమితం చేసింది. రిటైరై పదేళ్ళు ఊరుకుని వెళ్తే పెన్షన్ రావచ్చు, ఏడేళ్ళ బకాయి మాత్రం రాదు.

డీఎస్సీ-2003 వాళ్ళతో కలవకండి

ఈ మాట రాయడం కష్టంగా ఉంది, ఎందుకంటే వాళ్ళ బాధ నిజమైనది. నోటిఫికేషన్ 2003లోనే వచ్చినా, ఆలస్యం వాళ్ళది కాకపోయినా, నియామకాలు గడువు దాటాకే అందడంతో సీపీఎస్‌లో పడ్డారు. కేంద్రం 2023 మార్చి 3న ఇచ్చిన మెమోలో, 2003 డిసెంబర్ 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరినవారికి పాత పెన్షన్ ఎంచుకునే ఒక్కసారి అవకాశం కల్పించింది. ఉత్తరప్రదేశ్ మంత్రివర్గం 2024 జూన్‌లో తన ఉద్యోగులకు అలాంటి నిర్ణయమే తీసుకుంది. మన దగ్గరా అదే అడుగుతున్నారు, న్యాయంగానే అడుగుతున్నారు. కానీ కేంద్రం మెమో కేంద్ర ఉద్యోగులకే. సిద్దిపేట పోస్టాఫీసులో పనిచేసేవారికి వర్తించింది, పక్క వీధి బడిలోని టీచరుకు వర్తించలేదు. రాష్ట్రం కొత్తగా నిర్ణయం తీసుకుంటేనే వాళ్ళకు దారి.

మీ కేసుకు కొత్త నిర్ణయం అక్కర్లేదు, ఉన్న రూల్సే చాలు. రెండూ ఒకే ఫైలులో వెళ్తే మీదీ పాలసీ ఫైలు కింద జమైపోతుంది. వాళ్ళకు అన్ని విధాలా తోడు నిలవండి, ఫైలు మాత్రం వేరుగా నడపండి.

తప్పు మీకు అనుకూలంగా ఉంటే మీరే బయటపెట్టండి

ఇది వినడానికి ఎవరికీ ఇష్టం ఉండదు. 2004 సెప్టెంబర్ తర్వాత మొదటిసారి చేరి, సీపీఎస్‌లో ఉండాల్సినవారికి పాత అలవాటు కొద్దీ పీఎఫ్ ఖాతా తెరిచి కటింగ్ చేస్తే? నోరు మూసుకోమని అందరూ చెప్తారు. ఆ తప్పు రిటైర్‌మెంట్ దగ్గర, పెన్షన్ కాగితాలు ఆడిట్‌కు వెళ్ళినప్పుడు బయటపడుతుంది. అప్పటికి మీ ప్రాన్ ఖాతాలో ఏమీ ఉండదు, ఇన్నేళ్ళ సర్కారు వాటా పడలేదు, పెన్షన్‌కు అర్హత లేదు. పదేళ్ళు ముందే చెప్పి ఉంటే మీ డబ్బూ సర్కారు వాటా కలిసి పెరిగేవి. కాబట్టి ఈ రోజే రాసివ్వండి.

ఉత్తర్వు వచ్చాక సంబరపడకండి

ఉత్తర్వు ట్రెజరీకి చేరిందా? వచ్చే నెల పే స్లిప్పులో సీపీఎస్ గడి ఖాళీ అయి, పీఎఫ్ గడిలో అంకె పడిందా? మీ వాటా పీఎఫ్ ఖాతాకు వచ్చిందా, ప్రాన్ మూతపడిందా? ప్రాన్ తెరిచి ఉంటే రిటైర్‌మెంట్ నాడు ఏదో ఒక ఆఫీసు మళ్ళీ అదే ప్రశ్న వేస్తుంది. పీఎఫ్‌లో కొత్తగా నామినేషన్ ఇవ్వండి, పాతదాంట్లో ఎవరి పేరుందో మీకే గుర్తుండదు. ఎస్సార్‌లో దిద్దుబాటు ఎంట్రీ రాయించి, ఉత్తర్వు నంబరు, తేదీ అందులో ఉండేలా చూసి, డీడీవో సంతకం, ముద్ర వేయించండి. రెండు మూడేళ్ళలో రిటైరయ్యేవారు ఇవన్నీ పెన్షన్ ప్రపోజల్స్ కట్టకముందే ముగించుకోవాలి, ఒకసారి ఫైలు ఆడిట్‌కు గాని అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆఫీసుకు గాని వెళ్తే అక్కడి అభ్యంతరానికి జవాబు చెప్పడానికి పాత డీడీవో ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తుంది.